మోకాలిచిప్పకు జ్వరం

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టేవాళ్ళను చూసి మీరు నవ్వే ఉంటారు. నేనూ నవ్వేవాడిని. అలాంటి నేనే ఒకప్పుడు మోకాలికీ పట్టుపురుగుకూ ముడిపెట్టాను. ఆ ముడి విప్పడానికి డాక్టరు రెండోసారి నా కాలు కోయాల్సి వచ్చింది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, వినండి. మధ్యలో జాలేస్తే కాస్త ఆపుకోండి. జాలిపడాల్సిన మనిషి వేరే ఉంది, ఆమె సంగతీ వస్తుంది.

నా పేరు నారాయణస్వామి. కన్నడ సీమలో, చింతామణి దగ్గర ఒక హైస్కూల్లో పీటీ మేష్టరును. చేరిన కొత్తలో నాకు తెలిసిన చదువంతా పిల్లల చేత గుంజీలు తీయించడమే. ఆలస్యంగా వస్తే గుంజీలు. బూట్లు మరిస్తే గుంజీలు. గుంజీలు సరిగ్గా తీయకపోతే మళ్ళీ గుంజీలు. "దేవుడు మోకాళ్ళు ఇచ్చింది ఎందుకురా, మడిచేకి కాదా?" అని నేను మైదానంలో అరిస్తే, గేటు బయట శెనక్కాయలు అమ్ముకునే ఆమె కూడా ఉలిక్కిపడి కొంగు సర్దుకునేది. అంత గొంతు నాది. తెలివి అంత ఉండి ఉంటే ఈ కథే లేదు.

స్కూలు వార్షికోత్సవంలో పిల్లలకూ మేష్టర్లకూ కబడ్డీ పెట్టారు. నేను కూతకు వెళ్ళాను. పిల్లలంతా ఒక్కసారి మీద పడ్డారు. ఒళ్ళు అటు తిరిగింది, పాదం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. మోకాలి లోపల లిగమెంట్ అని ఒక తాడులాంటిది ఉంటుందే, అది పుటుక్కున తెగింది. ఇన్నాళ్ళ గుంజీల కసంతా పిల్లలు ఆ ఒక్క పట్టులో తీర్చుకున్నారని స్టాఫు రూములో చెప్పుకున్నారట. నన్ను మోసుకెళ్ళింది కూడా ఆ పిల్లలే, పాపం.

చిక్కబళ్ళాపురంలో ఎముకల డాక్టరు చూశాడు. మా వైపు మనిషే, మా మాటే. బల్ల మీద ఒక ప్లాస్టిక్ మోకాలు పెట్టుకుని చెప్పాడు.

"తెగిపోయిండేదాన్ని కుట్టేకి కాదు మేష్ట్రే. కొత్తది వెయ్యల్ల. యాడనుంచో తెచ్చేది లేదు, నీ మోకాలిచిప్ప కింద గట్టి పట్టీ ఒకటి ఉండాది, దాంట్లో నుంచే నడిమి పాయ తీస్తా. దాని కొసకి చిప్పలో నుంచి చిన్న ఎముక ముక్క కూడా కోసుకుంటా. అప్పుడే అది లోపల బాగా అతుక్కుంటాది."

"మరి చిప్పకు ఏమీ కాదా సార్?"

"నువ్వు ఏమీ చెయ్యకుంటే దానికీ ఏమీ కాదు. మీ ఇంట్లో రేషం తోట ఉండాదా?"

"మా అక్కోళ్ళకు ఉండాది సార్, పట్టుపురుగులు మేపుతారు."

"ఇంగేమి! మల్బరీ కడ్డీ కోసి ఇంగో తావ నాటతారు కదా? నాటిన కడ్డీకి అందరూ నీళ్ళు పోస్తారు. కోసిన చెట్టును ఎవురూ చూడరు. నువ్వు దాన్నీ చూసుకోవల్ల. చిప్పలో ఆ గుంత పూడేదాకా కింద గొంతుక్కూర్చోవద్దు, మోకాళ్ళ మీద వంగొద్దు, దిగ్గున లెయ్యొద్దు. చిప్ప పగిలిందంటే మళ్ళీ నా తావకే వస్తావు."

నేను బుద్ధిమంతుడిలా తలాడించాను. పిల్లలు నా ముందు అలాగే తలాడించేవాళ్ళు, అయిదు నిమిషాలకు అలాగే మరిచిపోయేవాళ్ళు.

అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. చింతామణిలో ఒంటి గదిలో ఉండేవాడిని. ఆపరేషన్ అనగానే మా రత్నక్క దిబ్బూరహళ్ళి పక్కనున్న వాళ్ళ ఊరి నుంచి చాపా దుప్పటీ పట్టుకుని ఆసుపత్రికి వచ్చేసింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నా మంచం పక్కనే కింద పడుకుంది, నాకు సంగటి ముద్ద కలిపి పెట్టింది. నర్సు మందు ఆలస్యం చేస్తే కారిడారంతా వినపడేలా కన్నడంలో కోప్పడింది కూడా. గొంతు మా ఇంటి ఆస్తి.

అదే సమయంలో ఇంటిదగ్గర అక్క పట్టుపురుగులు కడపటి మేతలో ఉన్నాయి. మా బావ వెంకటరవణప్ప ఒక్కడే చూసుకున్నాడు. ముసురు పట్టింది. తడి ఆకు ఆరబెట్టడానికి ఇంకో చెయ్యి లేదు. తడి ఆకు తిన్న పురుగులు తెల్లగా, సుద్దముక్కల్లా బిగుసుకుపోయాయి. దాన్ని సున్నం కట్టడం అంటారు. పంటంతా పోయింది. పోయినట్టు అక్క నాకు చెప్పనే లేదు. నన్ను వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళాక, ఖాళీ షెడ్డును కడుగుతున్న బావను చూసి నాకే అర్థమైంది.

"అక్కా, నా వల్లే కదా?"

"నీ వల్ల కాదు, వానవల్ల. ఇంగో పంట పెడతాం. నువ్వు సూపు తాగు."

ఆ సూపు గురించి ఒక మాట చెప్పాలి. ఎముక విరిగినా, తెగినా, వట్టినే నొప్పెట్టినా మా వైపు మందు ఒకటే, మేక కాళ్ళ సూపు. నన్ను పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ అదే చెప్పి వెళ్ళేవాళ్ళు. నా ఒక్క కాలి కోసం ఆ చుట్టుపక్కల మేకలన్నీ నాలుగేసి కాళ్ళు దానం చేశాయి. వచ్చినవాళ్ళు సూపు సలహాతో ఊరుకుంటారా? "ఏదీ, కాలు చూపించు. మడిచేకి వస్తాందా?" అనేవాళ్ళు. నేనేమో వెంటనే మోకాలికి తొడిగిన బ్రేసు పట్టీలు విప్పి, "ఇదో చూడండి, కొత్త లిగమెంటు!" అని మడిచి చూపించేవాడిని. సంతలో కోడెను కొనేవాళ్ళలా వాళ్ళు నొక్కి చూసి, మెచ్చుకుని, అక్క ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళేవాళ్ళు.

ఇంతలో అక్క కొత్త పంట పెట్టింది. ఈసారి ఆకు తనే కోసింది, తనే ఆరబెట్టింది, షెడ్డులోకి ఎవరినీ రానివ్వలేదు. పైకి ఏమీ అనకపోయినా, ఈ పంట కూడా పోతే ఇక పురుగు మేపే ధైర్యం ఆమెకు ఉండదని నాకు తెలుసు. ఒకరోజు బావతో అంటుంటే విన్నాను. "ఇదొక్కటి దక్కితే చాలు. లేకుంటే తోట పీకేసి రాగులు చల్లుకుందాం." అక్క మెట్టినింట అడుగుపెట్టిన ఏడాది తన చేతులతో నాటుకున్న తోట అది.

నాకు సిగ్గేసింది. అందుకని, ఏదో ఒకటి చేయాలని, షెడ్డు వాకిలి దగ్గర కుర్చీ వేసుకుని చేతికర్రతో కాపలా కూర్చున్నాను. పురుగులు నాలుగో జ్వరంలో పడ్డాయి. జ్వరమంటే మనకొచ్చేది కాదు. పొర విడిచే ముందు పురుగు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. ఆ సమయంలో మేత వేయరు, తాకరు, కదిలించరు. పురుగులు పరిచిన పక్కల మీద పలచగా సున్నం చల్లి తలుపు వేసేస్తారు. పురుగు మేపే ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

ఎదురింటి నంజమ్మవ్వ వచ్చి తలుపు మీద చెయ్యి వేసింది.

"అవ్వా! జ్వరంలో ఉండాయి! తియ్యొద్దు!" అని గొంతెత్తాను.

"అబ్బ, గుండె ఆగిపోయె గదరా! ఎంత సేపు ఉంటాయి అట్ల?"

"వాటికి ఎంత సేపు కావల్లంటే అంత సేపు. లోపల కొత్త ఒళ్ళు తయారవుతాంటాది. అప్పుడు కదిలిస్తే చచ్చిపోతాయి. ఆ మాత్రం తెలీదా నీకు?"

"తెలుసులే నాయనా, మీ అక్క పుట్టకముందు నుంచీ పురుగు మేపినదాన్ని. సరే, నీ కాలు చూపించు. మడిచేకి వస్తాందా?"

నేను బ్రేసు విప్పి, మోకాలు మడిచి చూపించాను.

మీరిప్పుడు నవ్వుకుంటున్నారు. నాకు మాత్రం అప్పుడు ఇందులో నవ్వాల్సింది ఏమీ కనపడలేదు.

పురుగులు జ్వరం నుంచి లేచి, ఆబగా మేసి, పండాయి. పండిన పురుగు ఒళ్ళు పసుపుపచ్చగా, లోపల దీపం పెట్టినట్టు మెరుస్తుంది. మేత మానేసి గూడు కట్టుకునే తావు వెతుక్కుంటుంది. అప్పుడు దాన్ని ఏరి, వెదురు తట్టల మీద చుట్టలు చుట్టలుగా అల్లిన చంద్రికెల మీదికి ఎక్కించాలి. ఆ పూటకు ఆ పూటే కావాలి. ఎక్కించకపోతే చెత్తలోనే, ఒకదాని మీద ఒకటి పడి గూళ్ళు కట్టుకుంటాయి. ఆ గూళ్ళు ఎందుకూ పనికిరావు. అందుకే పురుగు పండిన రోజు ఎన్ని చేతులున్నా చాలవు.

ఆ రోజు పనికొస్తామన్న ఆడవాళ్ళంతా సోమేనహళ్ళిలో పెళ్ళికి వెళ్ళి రాలేదు. షెడ్డులో అక్క, బావ, నంజమ్మవ్వ, అంతే. పురుగులేమో పొద్దు ఎక్కేకొద్దీ పండిపోతున్నాయి. అక్క మొహం చూడలేకపోయాను.

"నేనూ ఏరుతా అక్కా."

"నువ్వు కుర్చీలో కుచ్చో. అదే నువ్వు నాకు చేసే ఉపకారం."

"డాక్టరు ఏమన్నాడు మొన్న? లిగమెంటు బలే గట్టిగా పట్టింది అన్లేదా?"

"గొంతుక్కూర్చోవద్దు అని కూడా అన్నాడు కదా?"

"అది మొదట్లో అన్న మాట."

అది మొదట్లో అన్న మాట కాదు. మొన్న కూడా అన్న మాటే. అక్క తట్ట మోసుకుని అటు వెళ్ళగానే బ్రేసు విప్పి గోడకు తగిలించాను, అది ఉంటే కాలు మడవడం కుదరదు కదా! మెల్లగా, చాలా మెల్లగా, పురుగుల పక్క ముందర గొంతుక్కూర్చున్నాను. ఏమీ కాలేదు. 'చూశావా, ఈ డాక్టర్లు ఉత్తినే భయపెడతారు' అనుకున్నాను. చకచకా ఏరడం మొదలుపెట్టాను. అక్క వెనక్కి తిరిగి చూసింది.

"రేయ్! లెయ్యిరా!"

"ఈ పక్క అయిపోనీ అక్కా."

"పక్క లేదు, గిక్క లేదు. నీకు దండం పెడతా, లెయ్యి."

అప్పుడే నంజమ్మవ్వ కేక పెట్టింది. "నారాణా, కాలు! కాలి కింద పురుగుండాది!"

చూస్తే నిజమే. బాగా పండిన పురుగొకటి నా మడమ కిందికి పాకుతోంది. మీ ఊళ్ళో అయితే ఏం చేసేవారో నాకు తెలీదు. పురుగు మేపే ఇంట్లో పెరిగినవాడు పండిన పురుగును తొక్కడు. ఒళ్ళు దానంతటదే లేస్తుంది. నేను దిగ్గున లేచాను. బరువంతా ఆపరేషన్ అయిన కాలి మీద పడింది. ఎండు కొబ్బరిచిప్ప పగిలినట్టు టక్కుమని చప్పుడైంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను పురుగును తొక్కకనే కాలు పోగొట్టుకున్నాను.

తర్వాత నేను అరిచాను. జీవితంలో అన్ని గుంజీలు తీయించినా ఆ అరుపు ఎన్నడూ రాలేదు. ఊరి అవతల పశువులు తోలుకుపోతున్నవాళ్ళు కూడా నిలబడిపోయారట. అయిదు నిమిషాల్లో ఊళ్ళో సగం మంది షెడ్డు వాకిట్లో ఉన్నారు. నేను నేల మీద కాలు పట్టుకుని దొర్లుతున్నాను. మోకాలి మీద చిప్ప ఉండాల్సిన తావులో నడుమ పల్లం చేతికి తగులుతోంది.

పక్కింటి శీనప్ప తన ఆటో తెచ్చాడు. నలుగురూ ఎత్తి నన్ను వెనక సీట్లో పడుకోబెట్టారు. అక్క పురుగుల చేతులు కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చి ఆటో ఎక్కింది. కిందటిసారి చాపా దుప్పటీ తెచ్చుకున్నంత వ్యవధి కూడా తీసుకోలేదు.

నొప్పిలో కూడా నాకు ఒక్కటే కనపడింది. మొన్నటి ఖాళీ షెడ్డు.

"అక్కా, దిగు."

"నోరు మూసుకో. పోనీ శీనప్పా."

"దిగమంటాండా కదా! నువ్వు వస్తే ఈ పంట కూడా నా మోకాలికే పోతాది. దిగు కిందికి!"

పుట్టి బుద్ధెరిగాక అక్క మీద గొంతెత్తడం అదే మొదలు. మైదానంలో పిల్లల మీద అరిచే గొంతే అది. అక్క బిత్తరపోయి, అచ్చం ఎనిమిదో తరగతి పిల్లలా దిగిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, నా కళ్ళల్లో కూడా. బావ కూడా ఎక్కబోతే, "నువ్వూ వద్దు బావా" అన్నాను. శీనప్ప ఆటో కదిలించాడు. మలుపు తిరుగుతుంటే వెనకనుంచి అక్క గొంతు వినపడింది.

"ఏం నిలబడి చూస్తాండారు? వాని చిప్ప మీరేమన్నా అతికిస్తారా? రాండి లోపలికి, చేతులు కడుక్కొని కుచ్చోండి!"

ఆ రోడ్డు మీద ఎన్ని గుంతలున్నాయో ఆ రోజు నా మోకాలు లెక్కపెట్టింది. ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే దీపం ముందు పట్టుకుని చాలాసేపు చూశాడు. చిప్ప అడ్డంగా రెండు ముక్కలైంది.

"ఏం చేస్తాంటివి మేష్ట్రే?"

"కాలి కింద పండిన పురుగొచ్చింది సార్. తొక్కకూడదని దిగ్గున లేస్తిని."

డాక్టరు నన్ను చూశాడు. ఎక్స్‌రేను చూశాడు. "పురుగు బతికిందా?"

"బతికింది సార్."

"సరే, దానికన్నా ఏమీ కాలేదు." ఎక్స్‌రే బల్ల మీద పెట్టాడు. "చూడు, నీ లిగమెంటు గట్టిగానే ఉండాది. అందరూ నీళ్ళు పోసిండేది దానికే కదా! పగిలింది దానికి ఎముక ఇచ్చిన చిప్ప. నేను ముక్క కోసిన తావ నుంచే చీలింది. అక్కడ ఇంకా అతుక్కోలేదు, దాన్ని విశ్రాంతిగా ఉండనియ్యల్ల అని ఎన్నిసార్లు చెప్పింటి?"

నేను తల వంచుకున్నాను.

"మీ అక్కోళ్ళ పురుగు జ్వరంలో పడితే ఏం చేస్తారు?"

"మేత వెయ్యం సార్. తాకం. తలుపు మూసేస్తాం."

"ఎవురన్నా వచ్చి, ఏదీ పురుగును మడిచి చూపించు అంటే?"

నంజమ్మవ్వ గుర్తొచ్చింది.

"నీ చిప్పకు జ్వరమప్పా," అన్నాడు డాక్టరు. "పురుగుకు ఇచ్చే మర్యాద దానికీ ఇయ్యి."

చిప్ప ముక్కలను స్క్రూలతో, తీగతో కలిపి బిగించారు. మొదటి ఆపరేషన్ అప్పుడు అక్క పడుకున్న చోట ఈసారి శీనప్ప గురకపెట్టి నిద్రపోయాడు. నేను అటే చూస్తూ పడుకుని, డాక్టరు చెప్పిన మల్బరీ చెట్టు గురించి ఆలోచించాను. నన్ను చూడటానికి అంతమంది వచ్చారు కదా, అందరూ కొత్త లిగమెంటునే అడిగారు. చిప్ప ఎట్లుందని ఒక్కరూ అడగలేదు. అంతమందికీ కాఫీ పోసి ఇచ్చిన మా అక్కను కూడా ఎవరూ అడగలేదు. పంట పోయినామెను, నిద్రలేనామెను, 'నువ్వెట్లుండావు' అని ఒక్కరూ అడగలేదు. వాళ్ళకేం, పైవాళ్ళు. ఆమె చేతి ముద్ద తిని పెరిగిన నేనూ అడగలేదు. సూపులో ఉప్పు తక్కువైందని మాత్రం అడిగాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు మోకాలి నొప్పి నయమనిపిస్తుంది.

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. ముందు కాలు సంగతి అడిగింది. తర్వాత అంది. "పురుగులన్నీ చంద్రికె ఎక్కినాయిరా."

"అన్నీనా? ఎట్లక్కా? ముగ్గురే కదా ఉండేది?"

ఫోన్ బావ లాక్కున్నాడు. "ముగ్గురేమి సామీ! నీ అరుపు విని ఊరంతా వచ్చిండె కదా. మీ అక్క ఒక్కర్ని కూడా తిరిగి పోనిస్తే కదా! చూసేకి వచ్చినోళ్ళనంతా కుచ్చోబెట్టి ఏరించింది. సూపు తాగించమని చెప్పేకి వచ్చిన ముసిలోళ్ళు కూడా ఏరినారు. మాపటికంతా ముగిసిపాయె. ఇంత బిరీన ఎప్పుడూ కాలేదు."

నేను నవ్వబోయాను. నవ్వితే కాలు కదిలి ఏడుపొచ్చింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి చంద్రికెల నిండా తెల్లగా, గట్టిగా గూళ్ళు. అక్క ఒక గూడు చెవి దగ్గర పెట్టి ఊపి, లోపల గలగలమంటుంటే చిన్నపిల్లలా నాకు వినిపించింది. తోట పీకేసే మాట మళ్ళీ ఆ ఇంట్లో రాలేదు. ఆసుపత్రిలో నేను మనసులో పెట్టుకున్న ప్రశ్న అప్పుడు అడిగాను.

"అక్కా, నువ్వెట్లుండావు?"

అక్క గూడు కింద పెట్టేసి నన్ను ఎగాదిగా చూసింది. "ఏమిరా, మళ్ళీ ఏం విరగ్గొట్టుకున్నావు?"

"ఏమీ లేదక్కా. ఉత్తినే అడిగినా."

అక్క చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత నా పక్కన మంచం పట్టె మీద కూర్చుని, "నడుము నొప్పిరా," అంది. "నిండా దినాల నుంచి." ఆ రోజు మా ఇద్దరికీ కాఫీ బావ పెట్టాడు. బాగాలేదు, ఇద్దరం తాగాం.

మర్నాడు అక్క నా గది గడప బయట సున్నంతో గీత గీసింది. నంజమ్మవ్వ బన్నులు పట్టుకుని వచ్చింది.

"ఏదీ, కాలు చూపించు..."

"అవ్వా! గీత దాటొద్దు," అంది అక్క. "జ్వరంలో ఉండాడు. తాకేది లేదు, మడిచేది లేదు."

"ఎంత సేపు?"

"వానికి బుద్ధి పుట్టేదాకా."

"అయితే బన్నులు చెడిపోతాయిలే," అని నంజమ్మవ్వ బన్నులు తిరిగి తీసుకుపోయింది.

నా చిప్ప అతుక్కుంది. చలికాలంలో కాస్త పట్టేస్తుంది, అంతే. స్కూలుకు తిరిగి వెళ్ళిన రోజు పిల్లలు అలవాటుగా చెవులు పట్టుకుని గుంజీలకు సిద్ధమయ్యారు. నేను వద్దన్నాను. మోకాళ్ళు మడిచేకే కాదురా, చూసుకునేకి కూడా అన్నాను. వాళ్ళకేమీ అర్థం కాలేదు గానీ సంతోషంగా చేతులు దించేశారు.

ఆ తర్వాతి పంట పండిన రోజు సెలవు పెట్టి వెళ్ళాను. వాకిట్లో నా కుర్చీ వేసి ఉంది. బావ తల గోక్కుంటూ వచ్చాడు.

"బామ్మర్దీ, ఈసారి కూడా పనోళ్ళు రాలేదు."

"అయ్యో! నేను గొంతుక్కూర్చోను బావా, ముందే చెబుతాండా."

"కుచ్చోమని ఎవురన్నారు? ఊరికి వినపడేట్ల ఒక అరుపు అరుస్తావా?"

కాబట్టి, చదువుతున్న మీ అందరి సాక్షిగా, చంద్రికె మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. బతికున్నంతకాలం నేలమీద గొంతుక్కూర్చోను. కాలి కింద పురుగే ఉండనీ, పామే ఉండనీ, దిగ్గున లేవను. మా అక్క ప్రతి పంటకూ నా గొంతు ఇస్తాను గానీ చిప్ప మాత్రం ఇవ్వను. ఈ ప్రమాణం ఆ రోజు బావ ముందు కూడా చేసి, కుర్చీలో వెనక్కి వాలి, గుండెనిండా గాలి పీల్చుకున్నాను. లోపలినుంచి అక్క కేక వేసింది.

"రేయ్ నారాణా, ఉండు! అరిచే ముందు బ్రేసు తగిలించుకో!"